నాలుగు బిందెల నీళ్ళు

ఆ పొడి ప్యాకెట్టు కొన్నది కొన్నట్టే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. చింపలేదు. మెడికల్ షాపు బిల్లు కూడా దానికే చుట్టి రబ్బరు బ్యాండు వేసింది.

"ఇది వాపసు తీసుకుంటారా సారూ? షాపులో అడిగితే మీరు చెప్తే తీసుకుంటామన్నారు."

పది రోజుల కింద నేను రాసిచ్చిందే. నిజానికది మందు కాదు, పేగు కడిగే పొడి. రెండు లీటర్ల నీళ్ళలో కలిపి పది నిమిషాలకో గ్లాసు చొప్పున తాగితే కడుపులో ఉన్నదంతా నీళ్ళై బయటికి పోతుంది. పెద్దపేగు అలా శుభ్రపడితేనే కొలనోస్కోపీ కెమెరాకి లోపలి గోడలు కనిపిస్తాయి. సగం ముందురోజు రాత్రి తాగాలి, మిగతా సగం తెల్లవారుజామున. ఎనిమిదింటికల్లా ఖాళీ కడుపుతో ఒంగోల్లో ఉండాలి. ఇదంతా చీటీ వెనక తెలుగులోనే రాసిచ్చాను, ఒకటి రెండు అని అంకెలు వేసి మరీ. నా చేతిరాత డాక్టరు చేతిరాతలా ఉండదని మా కాంపౌండరుకి గొప్ప.

"ఎందుకు తాగలేదమ్మా? భయమేసిందా?"

"భయమేంది సారూ. యాడికి బోవాల?"

"ఒంగోలు. అడ్రసు రాసిచ్చాగా."

చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూసింది నన్ను. "ఒంగోలు సంగతి కాదు. ఇది తాగినాక యాడికి బోవాల అంటన్నా."

ఆమెది కనిగిరికి అవతల, రోడ్డు దిగి నాలుగు మైళ్ళు లోపలికి పోవాల్సిన ఊరు. నాలుగింటికి లేచి మిగతా లీటరు తాగి, ఐదింటికి ఆటో ఎక్కి, కనిగిరిలో బస్సు పట్టుకుని, పొదిలి మీదుగా ఒంగోలు చేరేసరికి దగ్గర దగ్గర మూడు గంటలు. ఆ మూడు గంటలూ కడుపు ఊరుకోదు. ఊరుకోకుండా చేయడానికే ఆ పొడి. నేను రాసిన చీటీని అక్షరం పొల్లు పోకుండా పాటిస్తే, యాభై ఏడేళ్ళ మనిషి ఆర్టీసీ బస్సులో, నలుగురి మధ్య కూచుని, ఏం చేయాలి?

అలాంటి చీటీలు ఎంతమందికి రాసిచ్చానో లెక్క లేదు. వెళ్ళనివాళ్ళ కేసు కాగితం మీద ఒక్కటే ముక్క రాసేవాణ్ణి: "పరీక్షకు ఒప్పుకోలేదు." ఒప్పుకోకపోవడం వాళ్ళ తప్పు, చెప్పడం వరకే నా పని. ఆ రోజు దాకా ఆ మాట మీద నాకు ఏ అనుమానమూ రాలేదు.

*

ఆమె కథ ఐదు నెలల కింద మొదలైంది. మొదటిసారి వచ్చినప్పుడు "వేడి జేసింది సారూ" అంది. మా వైపు ఈ మాటలో చాలా ఇముడుతాయి. కళ్ళు మండినా వేడే, మూత్రం మంటగా ఉన్నా వేడే, దొడ్డికి కూచుంటే నెత్తురు పడినా వేడే. వేడికి విరుగుడు ఇంట్లోనే ఉంటుంది: సబ్జా గింజలు, పలచటి మజ్జిగ, కందగడ్డ పులుసు. అవన్నీ అయ్యాకే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన మొలలంటాడు, పది రోజుల బిళ్ళలిస్తాడు. అదీ కాకపోతే బస్టాండు పక్క గోడల మీద "మొలలు, లూటీలు, వరిబీజం, కోత లేకుండా గ్యారంటీ వైద్యం" అని నీలం రంగుతో రాసి ఉంటుంది, కింద ఫోన్ నంబరుతో సహా. నా దగ్గరికి వచ్చేసరికి ఈ మెట్లన్నీ ఎక్కి దిగి ఉంటారు. ఒక్కోసారి అందుకు ఏడాది పడుతుంది.

నేనేం చేశాను? ఆ రోజు ఓపీలో జనం ఎక్కువ. పొగాకు సీజను. బ్యారన్ల దగ్గర ఆకు అల్లే పని వదులుకుని వచ్చిన ఆడవాళ్ళు "మమ్మల్ని తొందరగా పంపించండి సారూ" అని తలుపు దగ్గరే నిలబడ్డారు. ఆమె "నెత్తురు" అన్నప్పుడు తల వంచుకుని అంది. నేనూ తల వంచుకునే విన్నాను. మలద్వారంలో వేలు పెట్టి చేసే పరీక్షకి ఒక గ్లవ్వు, కాస్త జెల్లీ, రెండు నిమిషాలు చాలు. మన దేశంలో పెద్దపేగు క్యాన్సర్లలో పురీషనాళానివి చాలా ఉంటాయి, వాటిలో కొన్ని వేలికి అందే దూరంలోనే ఉంటాయి. ఇది నాకు తెలియక కాదు. పరదా సరిగ్గా లేదు, నర్సు భోజనానికి వెళ్ళింది, ఆమె సిగ్గుపడుతోంది. ఈ మూడూ చాలు కదా. మొలలకి పూతమందు రాశాను, మలబద్ధకానికి ఇసబ్‌గోల్ రాశాను. "తగ్గకపోతే రండి" అన్నాను.

సిగ్గు రోగిదని పుస్తకాల్లో చదువుకున్నాం. అందులో నా వాటా ఎంతో ఎవరూ చెప్పలేదు.

దాదాపు ఐదు నెలలకి మళ్ళీ వచ్చింది, ఈసారి నెత్తురు గురించి కాదు. ఆకు అల్లుతుంటే కళ్ళు తిరుగుతున్నాయట, మెట్లెక్కితే ఆయాసమట. హిమోగ్లోబిన్ ఏడు. మా వైపు ఆడవాళ్ళలో రక్తం తక్కువ ఉండటం ఎంత మామూలంటే, దాన్ని చూసి ఎవరూ ఆగరు. నెలసరి, కాన్పులు, తిండి, నులిపురుగులు అనుకుంటూ ఐరన్ బిళ్ళలు ఇచ్చి పంపుతాం. కానీ నెలసరి ఆగి ఎనిమిదేళ్ళయిన మనిషికి రక్తం ఎక్కడికి పోతోంది? ముట్లుడిగిన ఆడమనిషికి, ఏ వయసు మగవాడికైనా, కారణం తెలియని రక్తహీనత కనిపిస్తే పేగులు చూడాలి. ఇది ఎంబీబీఎస్ మూడో ఏడాది పాఠం. ఈసారి వేలితో చూశాను. ఏమీ తగల్లేదు. మరి పైన ఉన్నట్టుంది. అప్పుడు రాశాను ఆ చీటీ.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. మేం చదువుకునే రోజుల్లో ఈ జబ్బు పట్నం జబ్బని మనసులో నాటుకుపోయింది. ఉగాండాలో పనిచేసిన ఐరిష్ సర్జన్ డెనిస్ బర్కిట్ 1971లో రాసిన వ్యాసాన్ని మా ప్రొఫెసర్లు భక్తిగా చెప్పేవాళ్ళు. పీచు ఎక్కువ తినే ఆఫ్రికా పల్లెల్లో పెద్దపేగు క్యాన్సర్ అరుదు, మెత్తటి తిండి తినే పాశ్చాత్య దేశాల్లో ఎక్కువ అని. అందులో నిజం ఉంది. మన దేశంలో రేటు అమెరికాతో పోలిస్తే ఇప్పటికీ చాలా తక్కువే. కానీ రేటు తక్కువైనా మనుషులు ఎక్కువ ఉన్న దేశం మనది. ఏటా అరవై వేల మందికి పైగా కొత్తగా ఈ జబ్బు బయటపడుతోంది. నేను మాత్రం జొన్న సంగటి తినే మనిషికి ఇదెందుకొస్తుందన్న ధీమాలో ఉండిపోయాను. ఆమె జొన్న సంగటి మానేసి ఇరవై ఏళ్ళయిందని తర్వాత తెలిసింది. రేషను బియ్యం వచ్చాక జొన్నలు ఎవరు దంచుతారు సారూ అంది.

*

"మీ ఇంట్లో మరుగుదొడ్డి లేదా?" అన్నాను ప్యాకెట్టు చేతిలో పట్టుకుని.

"ఉంది" అంది. ఇంకేమీ చెప్పలేదు.

ఆ తర్వాత రెండో ఆదివారం వాళ్ళ పక్కూళ్ళో బీపీ, షుగరు క్యాంపు ఉంటే వెళ్ళాను. అయిపోయాక కారు వాళ్ళ ఊరి వైపు తిప్పించాను. ఎందుకు వెళ్ళానో సరిగ్గా చెప్పలేను. ఆ "ఉంది" అన్న మాట తీరు గుచ్చుకుని ఉండొచ్చు.

ఉంది. ఇంటి వెనక, వేపచెట్టు కింద, లేత నీలం రంగు వేసిన గది. తలుపు మీద స్వచ్ఛభారత్ కళ్ళద్దాల గుర్తు సగం చెరిగిపోయింది. లోపల కట్టెలు, ఒక ఎరువుల బస్తా, మూలన గంపకింద పొదుగుతున్న కోడి. 2019 అక్టోబరు 2న దేశంలో పల్లెలన్నీ ఆరుబయటికి పోవడం మానేశాయని ప్రకటించారు. ఆ లెక్కలో ఈ గదీ ఒకటయ్యుంటుంది. కోడి నన్ను చూసి కసిరింది.

"నీళ్ళేవి సారూ?" అంది ఆమె. తప్పు చేసి దొరికిపోయినట్టు లేదు ఆ గొంతు. పంచాయితీ లెక్క చెబుతున్నట్టుంది.

మా వైపు నీళ్ళ కథ తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు. తాగడానికి ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కోవాలి. వాడుకకి ట్యాంకరు రెండు రోజులకోసారి వస్తుంది, ఇంటికి ఆరేడు బిందెలు. వంటకి, గిన్నెలకి, స్నానాలకి, గేదెకి అందులోంచే. దొడ్డికి ఒకసారి పోతే మనిషికి రెండు చెంబులు సరే, ఆ గుంటలో పోయడానికి అర బక్కెట పోవాలి. లేకపోతే కంపు. అందుకని ఇంట్లో మగవాళ్ళు చెరువు గట్టుకి, ఆడవాళ్ళు చీకటితో కంచె చాటుకి.

"ఆ పొడి తాగితే ఎన్నిసార్లు పోవాల్సి వస్తదన్నారు?"

"పదీ పన్నెండు సార్లు."

వేళ్ళ మీద లెక్క వేసింది. "నాలుగు బిందెలు" అంది. "నా ఒక్కదానికి."

నేను ఆ పరీక్ష ఖర్చు రూపాయల్లో లెక్కపెట్టాను. డబ్బు సంగతి తగ్గించి మాట్లాడటానికి ఒంగోల్లో డాక్టరు మిత్రుడికి ఫోన్ కూడా చేశాను, అందుకు నా మీద నాకే ముచ్చటేసింది. ఆమె లెక్క బిందెల్లో ఉంది. కంచె చాటుకి పోవాలంటే చీకటి ఉండాలి. పొడి తాగితే ప్రతి పావుగంటకీ పరుగెత్తాలి. అర్ధరాత్రి పన్నెండు సార్లు, పాములు తిరిగే కంచెలోకి, ఒంట్లో ఏడు గ్రాముల రక్తంతో.

కంచె దగ్గర నిలబడి ఉండగా ఇంకో సంగతి తట్టింది. చీకటితో వెళ్ళి చీకటితో వచ్చే మనిషికి తన నెత్తురు ఎలా కనిపిస్తుంది? "ఎప్పట్నుంచి పడుతోంది?" అని నేను అడిగితే ఆమె చెప్పిన తారీఖు నెత్తురు మొదలైన తారీఖు కాదు. చిన్న కోడలి పురుడికి కనిగిరి ఆసుపత్రిలో మూడు రోజులుంది. అక్కడ తెల్లటి గుంట, ట్యూబులైటు. అదీ ఆ తారీఖు.

"ఒంగోల్లో చుట్టాలెవరూ లేరా?" అన్నాను. ముందురోజే వెళ్ళి వాళ్ళింట్లో తాగొచ్చు కదా అని.

"ఉండారు. మా ఆడబిడ్డ. వాళ్ళింటికి బోయి తెల్లార్లూ దొడ్లో కూచుంటే ఆ పిల్ల ఏమనుకుంటది? వాళ్ళింట్లో అల్లుడుండాడు." ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు.

*

పరిష్కారం ఎంత చిన్నదో చెప్పాలంటే ఇప్పటికీ ఇబ్బందిగా ఉంటుంది. ఒంగోలు మిత్రుడికి మళ్ళీ ఫోన్ చేశాను. పరీక్ష పొద్దున కాకుండా సాయంత్రం నాలుగింటికి పెట్టగలవా అని అడిగాను. ముందురోజు పలచటి గంజీ మజ్జిగా మీద ఉండి, పొద్దున ఖాళీ కడుపుతో బస్సెక్కి, పదింటికి అక్కడికి చేరి, వాళ్ళ వార్డులోనే బాత్రూమున్న మంచం మీద ఆ పొడంతా తాగితే చాలు. వైద్యపరంగా ఇందులో కొత్తేమీ లేదు, మధ్యాహ్నం పరీక్షలకి అదేరోజు పొద్దున తాగించడం అందరూ చేసేదే. "ఇంతేనా, ముందే అడగొచ్చుగా" అన్నాడతను. అడగాలని తడితే కదా.

పరీక్షలో పెద్దపేగు చివరి వంపు దగ్గర గడ్డ కనిపించింది. గుంటూరులో ఆపరేషనైంది. గడ్డ పక్కన గ్రంథుల్లోకి కూడా పాకిందని రిపోర్టు వచ్చింది. ఆరు నెలలు కీమో. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఆపరేషనూ కీమో జరిగిపోయాయి. "కార్డు కోసినాక పనికొస్తది సారూ, అంతకుముందు తిరుగుళ్ళకి మా జేబే" అన్నాడు ఆమె భర్త. కూలి పోయిన రోజులు, ఆటోలు, బస్సులు, తోడొచ్చినవాళ్ళ భోజనాలు అతను ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. నాకు చూపించలేదు గానీ ఉందని చెప్పాడు.

నేను మొదటి రోజే ఆ రెండు నిమిషాలూ పెట్టి ఉంటే ఏమయ్యేది? ఆ గడ్డ వేలికి అందేది కాదు. కానీ రక్తపరీక్ష ఆ రోజే అయ్యేది. ఐదు నెలలు. గ్రంథుల్లోకి పాకింది ఆ ఐదు నెలల్లోనేనా, అంతకు ముందేనా అంటే ఎవరూ చెప్పలేరు. చెప్పలేకపోవడం నాకు ఊరట అవుతుందనుకున్నాను, కాలేదు.

*

ఇదంతా జబ్బు ఉన్న మనిషి కథ. స్క్రీనింగ్ అంటే ఇది కాదు. ఏ బాధా లేని మనిషిని పట్టుకుని పరీక్ష చేయడం స్క్రీనింగ్. పెద్దపేగు విషయంలో అది బాగా పనికొచ్చే ఆయుధం. ఎందుకంటే ఈ క్యాన్సర్ చాలావరకు పేగు గోడ మీద చిన్న పిలకగా మొదలవుతుంది. ఆ పిలక ముదిరి క్యాన్సర్ కావడానికి సుమారు పదేళ్ళు పడుతుంది. అంత వ్యవధి ఇచ్చే శత్రువు అరుదు. పిలకగా ఉన్నప్పుడే కెమెరాతో చూసి తీగ ఉచ్చు వేసి తీసేస్తే అక్కడితో సరి. కెమెరా కూడా అందరికీ అక్కర్లేదు. మలంలో కంటికి కనపడని నెత్తురుందేమో చూసే పరీక్ష ఇంటి దగ్గర నుంచే చేయొచ్చు. అమెరికాలో మినసోటా అధ్యయనం 1993లో తేల్చింది అదే: ఏటా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్ళలో ఈ క్యాన్సర్ చావులు మూడో వంతు తగ్గాయి.

మన దగ్గర ముప్పై దాటినవాళ్ళకి ఊళ్ళో జరిగే ప్రభుత్వ పరీక్షల్లో బీపీ, షుగరుతో పాటు మూడు క్యాన్సర్లు చూస్తారు: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. పెద్దపేగు అందులో లేదు. లేకపోవడానికి కారణాలున్నాయి, వాటిని నేను కొట్టిపారేయను. ఆ మూడూ మన దగ్గర మరీ ఎక్కువ. పెద్దపేగుకి పరీక్ష పెడితే అనుమానం వచ్చిన ప్రతివాళ్ళకీ కెమెరా పెట్టే చేతులు కావాలి, అవి జిల్లాకి ఎన్ని ఉన్నాయి? కాబట్టి అందరికీ పెట్టమని నేననను. రక్తం తగ్గిన నడివయసు మనిషినీ, ఇంట్లో ఇంకొకరికి ఈ జబ్బొచ్చిన మనిషినీ వదిలిపెట్టొద్దంటాను.

కెంటకీలో పల్లె ప్రాంతంలో పనిచేసే నా క్లాస్‌మేట్‌కి ఈ బిందెల సంగతి ఫోన్లో చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. "మాకూ ఇదేరా" అన్నాడు. అక్కడ ఇంటింటికీ బాత్రూమూ ఉంది, నీళ్ళూ ఉన్నాయి. కానీ కెమెరా ఉన్న ఊరు గంటన్నర దూరం, బస్సు అన్నది లేదు. మత్తు ఇస్తారు కాబట్టి తిరుగు ప్రయాణంలో తనే కారు నడపకూడదు, తోడొచ్చిన మనిషి నడపాలి. ఆ తోడుకి ఒక రోజు పని పోవాలి. బొగ్గు గనుల ఊళ్ళలో ఒంటరి ముసలివాళ్ళు "నన్ను ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు లేరు" అని చెప్పి పరీక్ష మానేస్తారట. అక్కడా సిగ్గే, అక్కడా "నాకేం బాధ లేదుగా" అన్న మాటే. 1999లో ఆ రాష్ట్రంలో చేయించుకోవాల్సిన వయసువాళ్ళలో మూడో వంతు మందే చేయించుకునేవాళ్ళు. తర్వాతి ఇరవై ఏళ్ళలో అది రెట్టింపైంది. ఎలా అంటే, ఊరూరా తిరిగి చెప్పడం, కిట్టు పోస్టులో ఇంటికి పంపడం, తిరిగి రాకపోతే ఫోన్ చేసి గుర్తు చేయడం. "రాకెట్ సైన్సేం కాదు, వెంటపడటమే" అన్నాడు వాడు.

ఆ ఊపులో నేనూ ఒక ప్రయత్నం చేశాను. నా దగ్గరికి నెలనెలా బీపీ మాత్రలకి వచ్చే యాభై దాటినవాళ్ళకి చిన్న ప్లాస్టిక్ డబ్బాలిచ్చి, "రేపు దొడ్డికి పోయినప్పుడు పుల్లతో కొంచెం తీసి ఇందులో వేసి పంపండి" అన్నాను. ఇచ్చిన డబ్బాల్లో సగం కూడా తిరిగి రాలేదు. వచ్చినవాటిలో ఒకదాన్లో కళ్ళె ఉంది. ఆ పెద్దాయనకి టీబీ పరీక్షప్పుడు ఇలాంటి డబ్బాయే ఇచ్చారట, డబ్బా అంటే కళ్ళెకేనని ఆయన లెక్క. నేను దొడ్డి అన్న మాట గొంతు తగ్గించి అన్నానేమో, ఆయనకి వినపడలేదు. ఇంకొకాయన డబ్బా తెచ్చి చొక్కా లోపల దాచుకుని గంటసేపు కూచున్నాడు, కౌంటర్లో ఆడపిల్లకి ఇవ్వలేక. షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తేవడం కుదరదు సారూ, పక్కనోళ్ళు ఏందది అంటే ఏం చెప్పాల అని ఒకావిడ నిలదీసింది. తమాషా ఏమిటంటే, బాత్రూములున్నవాళ్ళు గుంటలో నీళ్ళలోంచి ఎలా తీయాలని తలపట్టుకుంటే, పొలానికి పోయేవాళ్ళు మాత్రం సులువుగా తెచ్చారు.

ఇప్పుడు నల్ల కవరు ఇస్తున్నాను. కౌంటర్లో ఇవ్వక్కర్లేకుండా తలుపు పక్కన మూతపెట్టె పెట్టాం. "దొడ్డి" అన్న మాట గట్టిగా అంటున్నాను. తిరిగొచ్చే డబ్బాలు కొంచెం పెరిగాయి. మరీ చెప్పుకునేంత కాదు.

*

ఆమెకి ఆపరేషనై మూడేళ్ళైంది. మనిషి తేరుకుంది. ఆరు నెలలకోసారి వస్తుంది. ప్రతిసారీ నేను అడిగేది ఆమె గురించి తక్కువ, పెద్దకొడుకు గురించి ఎక్కువ. తల్లికి ఈ జబ్బు అరవై లోపు వస్తే పిల్లలు నలభై నుంచే కెమెరా పరీక్ష మొదలుపెట్టాలి. పెద్దోడు చీమకుర్తిలో గ్రానైట్ లారీ డ్రైవరు. రెండేళ్ళు ఫోనెత్తలేదు. ఎత్తిన రోజు "నాకేం లేదు సార్, ఇనుములా ఉన్నా" అన్నాడు. ఆ తర్వాత ఒకసారి మందు మీద ఉండి అసలు మాట చెప్పాడు: "పిల్లకి పదహారొచ్చాయి సార్. అమ్మకొచ్చింది, నాకూ చూస్తన్నారని ఊళ్ళో తెలిస్తే రేపు సంబంధాలెట్టా వస్తయ్?" పరీక్ష చేయించుకుంటేనే జబ్బున్నట్టు. చేయించుకోకపోతే లేనట్టు. ఈ తర్కాన్ని చదువు లేనివాళ్ళదని అనలేను. నాకు యాభై దాటి రెండేళ్ళైంది. ఆ డబ్బా నేను ఇంకా నింపలేదు.

అతనికి నలభై నిండిన నెలలో ఆమె నాకు ఫోన్ చేసి, "వాణ్ణి బుధవారం తెస్తన్నా, సాయంత్రం టైం జెప్పండి" అంది. ఎలా ఒప్పించిందో అడగలేదు. ఆ బుధవారం నాకూ ఒంగోల్లో పనుంది. పన్నెండింటప్పుడు వార్డుకి వెళ్ళాను.

బాత్రూము తలుపు ముందు ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూచుని ఉంది. ఒళ్ళో జగ్గు, చేతిలో గ్లాసు. చుట్టూ మంచాల మీద వేరే ఊళ్ళవాళ్ళు, వాళ్ళ తోడు మనుషులు. లోపల్నుంచి చాలాసేపు చప్పుడు లేదు. లేచి తలుపు కొట్టింది.

"రంగేందిరా?"

జవాబు లేదు.

"నర్సమ్మ అడగమన్నది. నీళ్ళలాగా వస్తందా, ఇంకా రంగుందా?"

వార్డులో ఎవరో కిసుక్కుమన్నారు. లోపల్నుంచి "అమ్మా, కాస్త మెల్లగా!" అని వినపడింది.

"మెల్లగేందిరా, నువ్వు పుట్టిన కాడినించి నీ రంగులన్నీ నాకు దెలుసు. జెప్పు."

కొంచెం ఆగి, పంపు తిప్పిన చప్పుడు మధ్య, అతను చెప్పాడు.

"అయితే ఇంకో నాలుగు గ్లాసులు" అని జగ్గులోంచి వంచసాగింది.